వంకర బాణం

సాయంత్రం ఫోన్లు తిరిగివ్వడంలో గేటు మామకి ఒక పద్ధతుంది. గోడకి వేలాడే గుడ్డ తెరలోంచి ఫోను తీస్తాడు. బొటనవేలితో టకటకా ఏవో నంబర్లు నొక్కుతాడు. చొక్కా చేతికి అటోసారి ఇటోసారి తుడుస్తాడు. పసిబిడ్డకి మూతి తుడిచి తల్లికి అందించినట్టు అప్పుడందిస్తాడు. వరసలో ఆడవాళ్ళు ఇంటికెళ్ళే తొందరలో కాళ్ళు మార్చుకుంటున్నా సరే, ఆ తుడవడం మాత్రం మానడు.

"ఇదిగో కాలరక్కా, నీది. మీ అమ్మ మధ్యాహ్నం చేసింది. మాత్ర వేసుకుందట, కంగారేం లేదంది."

"చల్లగా ఉండు మామా," అంది కాలరక్క.

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెది కాలర్ల బల్ల. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా తగ్గిపోయారు. ఇక మామ ఎవరికీ సొంత మామ కాదు, అందరికీ మామే. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు గనక పొద్దున గేట్లో ఇచ్చేయాలి. ఇచ్చేముందు దానికొచ్చే కాల్స్ అన్నీ గేటు ఫోనుకి మళ్ళించాలి. ఇంటి దగ్గర ఎవరికి బాగోకపోయినా, బడి నుంచి పిలుపొచ్చినా మామే ఎత్తుతాడు, అవసరమైన సంగతైతే లోపలికొచ్చి చెబుతాడు. ఏది అవసరమో ఏది కాదో ఎవరు తేలుస్తారంటారా? అదీ మామే. కాలరక్క తల్లి స్నానాలగదిలో జారిపడ్డ రోజున చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో పరిగెత్తుకొచ్చినవాడాయన. ఆ కృతజ్ఞతకే ఆమె మిగిలిపోయిన మందపాటి గుడ్డతో ఆ తెర కుట్టిచ్చింది. మనిషికో జేబు, జేబుకో రంగు దారం. తనది నీలం.

పసుపు దారం జేబు వారంగా ఖాళీ. అది బొత్తాల పిల్లది.

"ఆ పిల్ల సంగతేమన్నా తెలిసిందా మామా?"

"ఆస్పత్రిలోనే ఉంచారట తల్లీ. చూడ్డానికి ఎవర్నీ రానివ్వట్లేదట. ఫోనేమో పైన మేనేజరు గారి దగ్గరే ఉండిపోయింది. పాపం ఎవరెవరో చేస్తూనే ఉన్నారు, నేనే ఎత్తి చెబుతున్నా." మామ కళ్ళజోడు సవరించుకున్నాడు. దానికి ఒక కాలు విరిగి తెల్ల దారం కట్టుంది. ఆ దారం కట్టిందీ కాలరక్కే.

బస్టాపులో ఒకావిడ తెల్లచుక్కల గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. బస్సుకోసమే అనుకుంది కాలరక్క. ఆవిడ పక్కకి జరిగి, మెల్లగా అడిగింది.

"మీరు కాలర్ల బల్ల దగ్గర పనిచేస్తారు కదూ? ప్రెస్సు పక్కన?"

"అవునండీ. మీరు?"

"లేబరాఫీసు నుంచి. చెయ్యి కాలిన అమ్మాయి గురించి ఆస్పత్రి వాళ్ళు కబురు పెట్టారు. కంపెనీవాళ్ళేమో ఇంట్లో వేణ్ణీళ్ళు పడి కాలిందని రాసిచ్చారు."

"వేణ్ణీళ్ళా!" కాలరక్కకి ఒళ్ళు మండిపోయింది. "నా కళ్ళముందు కదండీ. కాలరు లోపల గట్టిగుడ్డ అతికించే ప్రెస్సు అది. ఆ పిల్లది ఆ పని కూడా కాదు. ప్రెస్సు మనిషి రాలేదని బొత్తాలు కుట్టుకునేదాన్ని లాక్కొచ్చి నిలబెట్టారు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డు కడ్డీ ఉండాలి దానికి. పని జోరుగా సాగట్లేదని ఆ కడ్డీ ఎప్పుడో..."

ఆవిడ గొడుగు కాస్త వంచింది. కాలరక్క వెనక్కి తిరిగి చూసింది. రోడ్డుకి అవతల మామ గేటు గడియ వేస్తున్నాడు. వేసేశాక కూడా గడియ మీద చెయ్యి తియ్యలేదు.

"ఇక్కడొద్దు," అందావిడ. "నేను రోజుకో చోట తిరుగుతుంటాను, ఆఫీసులో దొరకను. ఎక్కడికి రావాలో ఫోను చేసి చెబుతాను. మంగళవారం నా రిపోర్టు వెళ్ళిపోవాలి. ఆ అమ్మాయి మాట ఒక్కటే చాలదు, చూసినవాళ్ళు ఒక్కరైనా చెప్పకపోతే వాళ్ళు రాసిచ్చిందే నిజమైపోతుంది. ఆ అమ్మాయికి వైద్యమూ ఉండదు, పనీ ఉండదు."

"చెబుతానండీ. ఎందుకు చెప్పను? పగలు చేస్తే గేట్లో మామ ఎత్తుతాడు, ఆయనతో చెప్పండి చాలు. నాకు చేరేస్తాడు. చాలా మంచోడు."

ఆవిడ గేటువైపు ఒక్కసారి చూసి, "అలాగా," అని ఆమె నంబరు అడిగి తన ఫోనులో ఎక్కించుకుంది.

*

శుక్రవారం ఫోను రాలేదు.

పొద్దున వరస చాంతాడంత ఉంది. కళ్ళజోడుతో కుస్తీ పట్టే మామకి నంబర్లు నొక్కడం ఓ పట్టాన తెమలదు గనక సగం వరస ఎప్పుడూ కాలరక్కదే. స్టార్, రెండు, ఒకటి, స్టార్, గేటు నంబరు, హ్యాష్, ఆ తర్వాత పచ్చ మీట. కాలరు మూల తిప్పినంత సులువుగా ఆమె వేలు తిరిగిపోతుంది. అందరి ఫోన్లూ అలా కట్టేసి జేబుల్లో పెడుతుంది. సాయంత్రం విప్పడం మాత్రం మామ పనే. ఆ విప్పే నంబరేమిటో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎందుకడుగుతుంది? పొద్దున అందరికీ తొందర, సాయంత్రం అంతకన్నా తొందర.

"నాకేమన్నా ఫోనొచ్చిందా మామా?" అని సాయంత్రం అడిగింది.

"నీకా?" మామ ఫోను తుడుస్తూ ఆలోచించినట్టు మొహం పెట్టాడు. "ఉహూఁ. ఎవరైనా చెయ్యాలా?"

"అబ్బే, ఊరికే."

ఇంటికెళ్ళి ఫోను దిండు పక్కనే పెట్టుకుంది. వంటచేస్తూ వచ్చి చూసింది, అంట్లు తోముతూ తడిచేత్తో వచ్చి చూసింది. తల్లి మంచం మీంచి వెటకారం చేసింది. "ఏంటే, పెళ్ళివారు కబురు చేస్తామన్నారా?"

"నువ్వూరుకో అమ్మా."

శనివారం మధ్యాహ్నం బల్ల మీద కాలర్ల గుట్ట ఎంతకీ తరగలేదు. పక్కన ప్రెస్సు దగ్గర కొత్త కుర్రదాన్ని పెట్టారు. ఆ పిల్ల ప్రెస్సు పళ్ళెం దిగిన ప్రతిసారీ చెయ్యి రెప్పపాటు ఆలస్యంగా వెనక్కి తీస్తోంది. కడ్డీ ఉండాల్సిన చోట రెండు బోల్టు రంధ్రాలు నల్లగా కనిపిస్తున్నాయి. కాలరక్క అటు చూడకూడదనుకుంటూనే చూసింది. చూసినప్పుడల్లా కుట్టు పక్కకి పోయింది. మంచినీళ్ళ నెపంతో లేచి గేటు దాకా వచ్చింది. నీళ్ళ కుండ అక్కడే ఉంటుంది.

మామ ఆమెకి వీపు చేసి నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతులో తేనె కారుతోంది.

"ఆవిడ ఊరెళ్ళిందండీ. ఎప్పుడొస్తుందో మాకూ తెలీదు. వచ్చాక చెబుతాను. అలాగేనండీ, తప్పకుండా."

పెట్టేసి వెనక్కి తిరిగాడు. ఆమెని చూశాడు. ఒక్క క్షణం మొహంలో ఏమీ లేదు, తుడిచిన పలకలా ఉంది. అంతలోనే నవ్వు వచ్చేసింది.

"అప్పులవాళ్ళమ్మా, ఎవరికోసమో. ఇలా ఓ అబద్ధం ఆడకపోతే ఆ పిల్లల్ని బతకనిస్తారా చెప్పు? నీళ్ళు తాగు, తాగు. రేపు మీ పిన్ని వస్తోందిగా, మీ అమ్మకి కాస్త ఊసుపోతుంది."

ఆమె కూడా నవ్వి నీళ్ళు తాగింది. ఎవరికోసమో అబద్ధమాడాడులే, మంచి మనసు, అనుకుంది. సగం దారిలో ఆగిపోయింది. పిన్ని వస్తున్నట్టు తను మామకి చెప్పలేదు. తనకే తెలీదు.

*

ఆదివారం పిన్ని రానే వచ్చింది. వస్తూనే గుమ్మంలో చెప్పులు విసురుగా వదిలింది.

"ఏమే, నేనొస్తానంటే ఊరెళ్ళిపోయావని చెప్పిస్తావా? ఆ మాట చెప్పడానికి ఒక మగాణ్ణి కూడా పెట్టుకున్నావా?"

"ఏంటి పిన్నీ?"

"ఏంటి పిన్నీ అట! పొద్దున్న బస్సెక్కే ముందు నీకు ఫోను చేశాను. ఎవరో ఎత్తి ఆవిడ లేదండీ, ఊరెళ్ళింది అన్నాడు. నిన్న చేస్తేనేమో చెబుతానమ్మా అన్నాడు. మా అక్కయ్య కదలలేదు కదా, ఇల్లు ఎక్కడికి పోతుందని బయల్దేరి వచ్చాను."

"ఇవాళా? ఇవాళ సెలవు కదా," అంది కాలరక్క. ఫోను కిటికీలోనే ఉంది. రాత్రి నుంచీ అక్కడే ఉంది, తను దాని ఎదురుగానే ఉంది.

"పిన్నీ, నీ ఫోనోసారి ఇవ్వు."

పిన్ని ఫోనులోంచి తన నంబరుకి చేసింది. కిటికీలో ఫోను మోగలేదు, వెలగలేదు, కదల్లేదు. చెవిలో మాత్రం గంట మోగుతోంది. ఎక్కడో మోగుతోంది. తర్వాత ఎవరో ఎత్తారు.

"హలో, చెప్పండి."

మామ గొంతు. దాని వెనక గరగరమంటూ మోటారు చప్పుడు. గేటు పక్క నీళ్ళ మోటారది. సెలవు రోజున తొట్టి నింపుతారు. మామ ఉండేది ఆ మోటారు పక్క గదిలోనే.

ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"హలో? ఎవరండీ? కాలరమ్మాయి కోసమా?" మామ ఆగాడు. మోటారు తిరుగుతూనే ఉంది. "హలో... ఎవరు?"

ఆ రెండో 'ఎవరు'లో తేనె లేదు. కాలరక్క ఫోను కట్ చేసి పిన్ని చేతిలో పెట్టేసింది. తన ఇంట్లో, తన కిటికీలో, తన ఫోనులో ఇంకో మనిషి కూర్చుని ఉన్నట్టయింది ఆమెకి.

"దెయ్యం పట్టినదానిలా చూస్తావేంటే?" అంది పిన్ని.

"అమ్మ దగ్గర కూర్చో. ఇప్పుడే వస్తా."

వీధి చివర రీఛార్జి కొట్టు ఆవిడ ఫోను చేతిలోకి తీసుకోకుండానే తెర పైన వేలు పెట్టి చూపించింది. "ఈ వంకర బాణం చూశావా? మీద నుంచి ఇలా పక్కకి తిరిగి ఉందే?"

"చూశాను. సిగ్నలు బొమ్మేమో అనుకున్నా."

"సిగ్నలు కాదు. నీ కాల్స్ ఇంకెక్కడికో పోతున్నాయని గుర్తు. కొందరు ఎత్తకపోతే వాయిస్ మెయిల్‌కి వెళ్ళేట్టు పెట్టుకుంటారు, అది వేరు. ఇది అసలు మోగకుండానే పోతుంది. ఎక్కడికి పోతోందో ఇదిగో." స్టార్, హ్యాష్, రెండు, ఒకటి, హ్యాష్ కొట్టింది. తెర మీద గేటు నంబరు వచ్చింది. "తీసెయ్యాలంటే ముందు రెండు హ్యాషులు, రెండు, ఒకటి, మళ్ళీ హ్యాషు. అంతే. నువ్వే కొట్టు, నేర్చుకుంటావు."

కొట్టింది. బాణం పోయింది. ఇంత చిన్నదా ఇది, అనుకుంది. ఇంత చిన్నదానికోసం రోజూ సాయంత్రం చెయ్యి చాపుకుని నిలబడ్డామా! తెర తుడిచిన ఆ చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. నొక్కినట్టు నటించి తుడిచి ఇచ్చాడు. తను చల్లగా ఉండమని దీవించి తెచ్చుకుంది.

మామ ఇంత అబద్ధమాడాడంటే ఇంకేమేం అబద్ధాలాడాడు? ఆమె కాళ్ళు ఇంటివైపు తిరగలేదు.

బొత్తాల పిల్ల ఆస్పత్రిలో లేదు. ఇంట్లోనే ఉంది. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి మూటలా ఒళ్ళో ఉంది. ఆ పిల్ల ఆమెని చూసి మొహం తిప్పుకుంది.

"ఇప్పటికి గుర్తొచ్చానా అక్కా?"

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నావనుకున్నానే. నీ ఫోను మేనేజరు దగ్గరుందన్నారు..."

"నా ఫోనా? మర్నాడే అమ్మ తెచ్చేసింది. ఇదిగో." ఫోను చాప మీదే ఉంది. "రాత్రీ పగలూ పక్కనే పెట్టుకున్నా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెయ్యలేదు. నేనే రెండుసార్లు పగలు నీకు చేశాను. మామ ఎత్తి, చెబుతాలే తల్లీ, నువ్వు పడుకో అన్నాడు. నువ్వు మళ్ళీ చెయ్యలేదు. చెయ్యి పనికిరానిదానితో మనకేంటిలే అనుకున్నారనుకున్నా."

కాలరక్క ఆ ఫోను తీసి చూసింది. పైన వంకర బాణం ఉంది. ఆ రోజు పొద్దున అది పెట్టింది ఎవరో కాదు. వరసలో ఆ పిల్ల తన సగంలోనే నిలబడింది. బొటనవేలు టకటకలాడించి పసుపు దారం జేబులో పెట్టింది తనే.

"అందరం చేశామే," అంది. "రోజూ చేశాం. ఒట్టు. అందరివీ మామే ఎత్తాడు."

బాణం తీసేసి, లేబరావిడ సంగతంతా ఆ పిల్లకి చెప్పి, కొట్టు ఆవిడ నేర్పిన నంబరులా ఆ పిల్ల నంబరు కూడా ఒకటికి పదిసార్లు అప్పజెప్పుకుంటూ ఇంటికొచ్చింది. లేబరావిడ రెండు రోజులూ ఫోను చేసే ఉంటుంది. ఆవిడ ఊరెళ్ళిందండీ అనే మాట విని ఊరుకుని ఉంటుంది. రేపు ఇంకోసారి చేస్తుందేమో, చెయ్యదేమో. చేస్తే మళ్ళీ పగలే చేస్తుంది. సోమవారం మానేస్తే పని పోతుంది. పనిలోకెళితే ఫోను మామ చేతిలో పడుతుంది. కానీ పొద్దున నంబర్లు కొట్టేది తనే కదా. తన ఫోనుకి గేటు నంబరు కొట్టకుండా బొత్తాల పిల్ల నంబరు కొడితే ఎవడికి తెలుస్తుంది?

*

సోమవారం ఆమె వరసలో మొదటే నిలబడింది.

"రా కాలరక్కా, రా. మీ పిన్ని వచ్చిందా?" మామ చెయ్యి చాపాడు. "నీది ఇటివ్వు, నేను కొడతాలే. నువ్వు మిగతావాళ్ళవి కానివ్వు."

"నాది నేను కొట్టుకుంటాలే మామా. నీ కళ్ళజోడు..."

"అయ్యో, నీ ఒక్కదానికి కళ్ళజోడెందుకమ్మా? వేళ్ళకే తెలుసు."

నవ్వుతూనే ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. చూడకుండానే నొక్కాడు. నొక్కుతూ ఆమె మొహంలోకి చూశాడు. నీలం జేబులో పెట్టకుండా ఫోను తన చొక్కా జేబులోనే వేసుకున్నాడు. అనుకున్నదంతా గంగలో కలిసిపోయింది. నిన్నటి ఫోను ఎవరిదో ఆయనకి తెలుసు. తెలిసీ పిన్ని వచ్చిందా అని అడిగాడు.

బయట గుడ్డ బేళ్ళ లారీ హారన్ కొట్టింది. "వస్తున్నా, వస్తున్నా," అంటూ మామ పెద్ద గేటు తియ్యడానికి వెళ్ళాడు. గేటు ఫోను స్టూలు మీద ఛార్జరుకి తగిలించి ఉంది. వరసలో ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి ఆమె చేతిలోకి వస్తున్నాయి. ఆమె కొడుతోంది, జేబుల్లో పెడుతోంది. స్టార్, రెండు, ఒకటి.

తర్వాత ఛార్జరు పీకి గేటు ఫోను తీసింది.

ఎదురుగా దారాల ముసలమ్మ నిలబడి ఉంది. చొక్కాలకి మిగిలిన దారాలు కత్తిరిస్తుంది ఆవిడ, ఆవిడ కంటి నుంచి నలుసంత దారం కూడా తప్పించుకోదు. కాలరక్క చేతిలో ఎవరి ఫోను ఉందో చూసింది. కాలరక్క బొటనవేలు ఆగిపోయింది. ఈవిడ ఒక్క మాట అంటే చాలు.

ముసలమ్మ కొంగు దులిపి భుజం మీదికి వెడల్పుగా లాక్కుని, గేటుకీ స్టూలుకీ మధ్యకి జరిగింది.

"మామా! లారీ వెనక చక్రం చూసుకో, కాలవలోకి దిగేట్టుంది!" అని అరిచింది. ఆ కాలవకీ చక్రానికీ బోలెడంత దూరం ఉంది.

స్టార్, రెండు, ఒకటి, స్టార్, బొత్తాల పిల్ల నంబరు, హ్యాష్, పచ్చ మీట. గేటు ఫోను తెర మీద వంకర బాణం వచ్చి కూర్చుంది. మామ తిరిగొచ్చేసరికి ఫోను ఛార్జరుకే ఉంది, ముసలమ్మ వెనక నిలబడ్డామెతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతోంది.

ఆ పొద్దు గడవదే! ప్రతి కాలరు మూలా తిప్పి పొడిచేటప్పుడు సూది తన గుండెల్లోనే దిగుతున్నట్టుంది. ఎవరు నడిచొచ్చినా మామే అనుకుంది. మధ్యాహ్నం నీళ్ళకి వెళితే మామ స్టూలు మీద కూర్చుని ఫోనుని దూరంగా పెట్టి చూస్తున్నాడు, దగ్గరగా పెట్టి చూస్తున్నాడు.

"ఇవాళేంటో ఒక్క ఫోనూ మోగలేదమ్మా," అన్నాడు. "పొద్దున్నుంచీ ఒక్కటీ లేదు. నాకేదో భయంగా ఉంది."

"రాకపోతే మంచిదేగా మామా. అందరూ బాగున్నట్టే," అంది కాలరక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మధ్యాహ్నం భోజనాలైన కాసేపటికి లోపలి తలుపు తెరుచుకుంది. ముందు తెల్లచుక్కల గొడుగు వచ్చింది, తర్వాత ఆవిడ వచ్చింది. ఆవిడ వెనక మేనేజరు మెట్లు దిగి దాదాపు పరిగెత్తుతున్నాడు. అందరికన్నా వెనక మామ.

"చెప్పకుండా వచ్చేస్తే ఎలాగండీ?" అంటున్నాడు మేనేజరు.

"చెప్పకపోవడమేంటి? ఈవిడ నంబరుకి ఫోను చేసే వచ్చాను. మీ గేట్లో ఎవరో అమ్మాయి ఎత్తింది. అన్నీ చక్కగా చెప్పింది."

"అమ్మాయా? గేట్లో అమ్మాయెవరు?"

మేనేజరు మామవైపు తిరిగాడు. మామ చేతిలోని ఫోనుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తి నేరుగా కాలరక్కవైపు చూశాడు. అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాడు, అనుకుంది. మామ నోరు తెరిచాడు. చెబితే, ఫోను స్టూలు మీద వదిలేసింది ఎవరని మొదటి ప్రశ్న ఆయన్నే అడుగుతారు.

"ఛార్జింగు లేదండీ పొద్దున్నుంచీ," అని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆవిడ ప్రెస్సు దగ్గరికి వెళ్ళింది. గొడుగు పిడి బోల్టు రంధ్రంలోకి దూర్చి చూసింది. కొత్త కుర్రది భయపడి చేతులు రెండూ వెనక దాచుకుంది.

"నూనె వెయ్యడానికి నిన్ననే తీశాం కడ్డీ," అన్నాడు మేనేజరు. "రాత్రికి బిగించేస్తారు."

"రాత్రికి బిగిస్తారని నాకు తెలుసు," అందావిడ. మేనేజరు మొహం పాలిపోయింది. ఆవిడ కాలరక్కవైపు తిరిగింది. "మీరు ఊరెళ్ళారన్నారు. వచ్చేశారన్నమాట. చెప్పండి, ఆ రోజు ఈ కడ్డీ ఉందా?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేనేజరు ఆమెనే చూస్తున్నాడు. ఇంట్లో తల్లి మాత్రలు గుర్తొచ్చాయి, పని పోతే ఏ గడప తొక్కాలో అదీ గుర్తొచ్చింది. ఆ పిల్ల ఒళ్ళో తెల్లటి మూట గుర్తొచ్చింది.

"లేదండీ," అంది. "నేను ఈ బల్ల దగ్గర కూర్చున్న వేసవి నుంచీ లేదు. ఆ పిల్ల చెయ్యి లోపలుండగానే పళ్ళెం దిగింది. మీట తిప్పి ఆపింది నేనే. ఇంట్లో వేణ్ణీళ్ళు కాదండీ, ఇక్కడే. నా పక్కనే."

"నేనూ చూశాను," అంది దారాల ముసలమ్మ మూల నుంచి, ఎవరూ అడక్కుండానే.

సాయంత్రం మామ చొక్కా జేబులోంచి ఆమె ఫోను తీశాడు. నొక్కబోయాడు.

"ఇలా ఇవ్వు మామా," అంది కాలరక్క. ఆయన ఎదురుగానే నిలబడి రెండు హ్యాషులు కొట్టి, రెండు, ఒకటి, హ్యాషు కొట్టింది. వెనక నిలబడ్డ ముసలమ్మ, "ఏదీ, ఇంకోసారి చెప్పు," అని తన ఫోను చాపింది. ఆవిడ వెనకావిడ కూడా చాపింది. మామ చొక్కా చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"రేపొస్తావుగా?" అన్నాడు మెల్లగా. అది అడగడమో బెదిరించడమో ఆమెకి అర్థం కాలేదు.

*

"అబ్బబ్బ, పొద్దున్నుంచీ ఎన్ని ఫోన్లు అక్కా!" బొత్తాల పిల్ల మొహంలో ఎన్నాళ్ళకో రంగు తిరిగింది. "అందరివీ నాకే. ఎవరి అత్తో నన్ను కోడలనుకుని దుమ్ము దులిపేసింది. నేను ఎవర్నో చెప్పేలోపే పెట్టేసింది. తర్వాత మేనేజరు మామకి చేశాడు, కారులోంచి. నన్ను హలో అననివ్వను కూడా లేదు. 'లేబరావిడ మళ్ళీ చేస్తే కాలరమ్మాయి ఊళ్ళో లేదనే చెప్పు, రేపటితో పీడ పోతుంది, కడ్డీ రాత్రికి బిగించేస్తారు' అన్నాడు. నేను ఊఁ అన్నా. అంతే, ఊఁ అన్నా. కాసేపటికి ఆవిడే చేసింది. అంతా చెప్పేశాను. నా గొంతు వణికిపోయిందనుకో."

"వణికినా చెప్పావు కదే," అంది కాలరక్క. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. రేపు గేటు తెరుస్తారో లేదో, నీలం జేబు ఉంటుందో లేదో తెలీదు. ఆ పిల్ల ముందు ఆ మాట ఎత్తలేదు.

చాప మీద ఫోను మోగింది. కొత్త నంబరు. ఆ పిల్ల ఎడమచేత్తో తడబడుతూ నొక్కి, స్పీకరులో పెట్టింది.

అవతల బస్సుల చప్పుడు, టీ గ్లాసుల చప్పుడు. ఎవరో బస్టాపు పక్క టీ కొట్టులోంచి చేస్తున్నారు.

"హలో," అంది మామ గొంతు. "ఎవరండీ నా ఫోను ఎత్తేది?" ఆయన చేసింది తన గేటు నంబరుకే.

ఆ పిల్ల కాలరక్క మొహంలోకి చూసింది. కాలరక్క తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు.

"హలో... ఎవరు?" మామ ఆగాడు. ఊపిరి వినిపిస్తోంది. "నువ్వేనా తల్లీ? బొత్తాల పిల్లవేనా?" తేనె లేదు, బెదిరింపూ లేదు, ముసలి గొంతు ఒక్కటే మిగిలింది. "చెయ్యి ఎలా ఉందమ్మా?"

ఇన్నాళ్ళలో ఆ ఫ్యాక్టరీ నుంచి ఫోనులో ఆ మాట అడిగిన మొదటి గొంతు అదే. బొత్తాల పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఒళ్ళో మూటవైపు చూసుకుంది. ఎడమచేత్తో ఫోను ఎత్తి నోటి దగ్గరగా పెట్టుకుంది.

"ఆవిడ ఊరెళ్ళిందండీ," అంది. "ఎప్పుడొస్తుందో మాకూ తెలీదు. వచ్చాక చెబుతాను."

ఎర్ర మీట నొక్కింది. ఫోను మళ్ళీ మోగింది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. వంటగదిలోంచి ఆ పిల్ల తల్లి, "ఎవరే అది, ఎత్తరేం?" అని అడిగింది.